ప్రింట్‌మేకింగ్ వర్క్‌షాప్‌కి వచ్చే ముందు మీరు అడిగేవి, మేం చెప్పేవి

మహబూబ్‌నగర్‌లో ఒక రేకుల షెడ్డులో మా స్టూడియో నడుస్తోంది. ఒక ఎచింగ్ ప్రెస్సు (చెక్కిన రేకు మీద కాగితం పెట్టి ఒత్తే రోలర్ల మిషన్), రెండు పొడుగు బల్లలు, వెనకాల కడుక్కోవడానికి ఒక తొట్టి, అంతే. నల్గొండ, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, దేవరకొండ వైపు నుంచి ఫోన్ చేసేవాళ్లు అడిగేవి దాదాపు ఒకటే ప్రశ్నలు కాబట్టి, ప్రతిసారీ సగం సగం చెప్పేకన్నా తీరిగ్గా ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. కొన్నిటికి జవాబు ఒక్క ముక్కే. కొన్నిటికి చాలా పొడుగు, ఎందుకంటే అక్కడ తెలియకపోతే చెయ్యి కాలుతుంది, లేదా రెండు రోజుల కష్టం నీళ్లపాలవుతుంది.

ప్రింట్‌మేకింగ్ అంటే ఫ్లెక్స్ కొట్టడం, జిరాక్స్ తీయడం లాంటిదేనా?

కాదండీ. జిరాక్స్‌కి ముందే ఒక అసలు కాగితం ఉంటుంది, దానికి నకలు తీస్తారు. ఇక్కడ మీరే చెక్క మీదో, రేకు మీదో, అట్ట మీదో చేత్తో చెక్కుతారు, గీస్తారు, దానికి ఇంకు పట్టించి కాగితం పెట్టి ఒత్తుతారు. కాగితం లేపినప్పుడు వచ్చేదే అసలు బొమ్మ. పదిహేను తీస్తే పదిహేనూ అసలే.

నారాయణపేట నుంచి మనవరాలిని దింపడానికి వచ్చిన ఒక పెద్దమ్మ, "అచ్చు నేర్పుతరట గదా బిడ్డా, మగ్గం యాడుంది?" అని అడిగింది. నేతపని చేసే ఇళ్లలో అచ్చు అంటే పోగులు అతికే పని మరి. సాయంత్రం దాకా కూర్చుని మనవరాలు తీసిన మొదటి కాగితం చూశాక, "ఇది కూడా ఓపిక పనే" అని ఆ మాట మాత్రం అని వెళ్లింది.

నాకు బొమ్మలు వేయడం రాదు. రావచ్చా?

రండి. డ్రాయింగ్ బాగా వచ్చినవాళ్లు మొదటి రోజు ఎక్కువ ఇబ్బంది పడటం మేం చాలాసార్లు చూశాం, పెన్సిల్‌తో వేసిన ప్రతి సన్నగీతా చెక్కలో కూడా దక్కాలని పట్టుబడతారు కాబట్టి. ఆకు, గుడ్డ, తాడు, ఎండిన జొన్న కంకి పొట్టు, ఇలాంటివాటితో కూడా మంచి అచ్చులు తీయొచ్చు. డ్రాయింగ్ మెల్లగా దానంతట అదే వస్తుంది.

ఎన్ని రకాలు ఉన్నాయి? నేను దేంతో మొదలుపెట్టాలి?

పేర్లు వింటే టెన్షన్ పుడుతుంది గానీ, ఇవన్నీ మీ ఇంట్లో చూసినవే.

ఆఫీసు రబ్బరు స్టాంపు తీసుకోండి. ఎత్తుగా ఉన్నచోట ఇంకు అంటుతుంది, తవ్వేసినచోట అంటదు. అది రిలీఫ్, అంటే ఉడ్‌కట్ (చెక్క మీద చెక్కేది), లినోకట్ (లినోలియం షీటు మీద చెక్కేది). పెడనలో కలంకారీ గుడ్డల మీద కొట్టే టేకు అచ్చులు కూడా ఇదే జాతి.

ఇప్పుడు అమ్మమ్మ పెళ్లికి పెట్టిన స్టీలు బిందె గుర్తు తెచ్చుకోండి, దాని మీద పేరు కొట్టించి ఉంటుంది కదా. ఎంత తోమినా ఆ అక్షరాల గాట్లలో మసి ఇరుక్కుని నల్లగా కనిపిస్తుంది, పైభాగం మాత్రం మెరుస్తుంది. అదే ఇంటాలియో. గాటులో ఇంకు ఉండిపోతుంది, పైన తుడిచేస్తాం, తడి కాగితం పెట్టి గట్టిగా ఒత్తితే కాగితం ఆ గాటులోకి దిగి ఇంకుని లాక్కొస్తుంది. ఎచింగ్ (ద్రావణంతో రేకుని తినిపించేది), డ్రైపాయింట్ (సూదితో నేరుగా గీసేది), ఆక్వాటింట్ (గీతలు కాకుండా నీడలు తెచ్చేది) అన్నీ ఇందులోవే. యూరప్‌లో కూడా ఈ పద్ధతి లోహం మీద నగిషీ చెక్కే కంసాలుల చేతుల్లోంచే పుట్టింది.

సంక్రాంతికి బజార్లో అమ్మే చిల్లుల ముగ్గు జల్లెడ ఉంది చూశారూ, పొడి పోసి అటూ ఇటూ అంటే కింద ముగ్గు పడుతుంది. అది స్టెన్సిల్ పద్ధతి, స్క్రీన్ ప్రింటింగ్ దాని మీదే నడుస్తుంది.

నాలుగోది లితోగ్రఫీ. నూనె, నీళ్లు కలవవు అన్న ఒక్క సంగతి మీద నిలబడింది. రాయి మీద జిడ్డు క్రేయాన్‌తో గీస్తారు, తడుపుతారు, తడిసినచోట ఇంకు అంటదు, జిడ్డు ఉన్నచోట అంటుతుంది. 1796లో జర్మనీలోని బవేరియాలో అలోయిస్ సెనెఫెల్డర్ కనిపెట్టాడు.

మొదలు మాత్రం ఉడ్‌కట్‌తోనే. దీనికి ప్రెస్సు అక్కర్లేదు, యాసిడ్ అక్కర్లేదు, పొరపాటు జరిగితే ఎక్కడ జరిగిందో కళ్లకు కనిపిస్తుంది.

తాండూరు బండ మీద లితో చేయొచ్చా?

మన దగ్గర సున్నపురాయి దండిగా ఉంది కాబట్టి చాలామంది అడుగుతారు. లితోకి పేరున్నది జర్మనీలోని సోల్న్‌హోఫెన్ రాయి, చాలా సన్న రేణువుతో, ఎక్కడ చూసినా ఒకే తీరుగా ఉంటుంది. ఇంట్లో పరిచే బండ పలచన, లితో ప్రెస్సు బరువుకి పగులుతుంది. మా దగ్గర లితో నేర్పడం లేదు.

ఉడ్‌కట్‌కి ఏ చెక్క మంచిది? లినోలియం దొరుకుతుందా?

అసలైన లినోలియం అవిసె నూనె, బెండు పొడి కలిపి గోనె మీద పూసి చేసేది. మన ఊళ్లలో ఫ్లోరింగ్ షాపులో లినోలియం అడిగితే పీవీసీ షీటు చేతిలో పెడతారు. అది కూడా చెక్కొచ్చు, కాకపోతే కొంచెం జారుతుంది. మేం మొదటి పలకకి ఎండీఎఫ్ (కర్రపొట్టుని జిగురుతో ఒత్తి చేసిన బోర్డు) ఇస్తాం. నారలు ఉండవు కాబట్టి ఉలి ఎటు తోస్తే అటు పోతుంది, చవక కూడా. నష్టం ఏంటంటే పొడి చాలా సన్నగా లేస్తుంది, మాస్కు పెట్టుకోవాలి.

రెండో పలకకి మామిడి చెక్కో ప్లైవుడ్డో ఇస్తాం. అప్పుడే చెక్కకి నార ఒక దిక్కు ఉంటుందని, దానికి ఎదురుగా పోతే పెచ్చులు లేస్తాయని చేతికి తెలుస్తుంది. ఆ నారని దాచకుండా బొమ్మలోకి తెచ్చుకోవచ్చు, వైరు బ్రష్‌తో చెక్కని రుద్దితే మెత్తటి భాగం పోయి నార గీతలు తేలతాయి, వాటిని ఆకాశానికో చెరువు నీళ్లకో వాడితే వేరే గీత గీయాల్సిన పనే ఉండదు.

ఉలి విషయంలో ఒకటే మాట. మొద్దుబారిన ఉలితోనే చేతులు తెగుతాయి. పదును లేకపోతే బలం పెడతాం, బలం పెడితే జారుతుంది. సానరాయి మీద పదును పెట్టడానికి మొదటి రోజు ఒక గంట కేటాయిస్తాం, కొంతమందికి విసుగొస్తుంది, అయినా వదలం. ఇంకొకటి, పలకని పట్టుకున్న ఎడమ చెయ్యి ఎప్పుడూ ఉలి వెనకే ఉండాలి, ఉలి పోయే దారిలో ఉండకూడదు.

నా పేరు చెక్కితే తిరగబడి వచ్చింది, ఎందుకు?

అచ్చులో కుడి ఎడమ అవుతుంది కాబట్టి. నేను మొట్టమొదట చెక్కిన పలకలో మా అమ్మ పేరు ఉంది. మూడు రాత్రులు కూర్చుని చెక్కాను, తీరా అచ్చు తీస్తే అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు వచ్చాయి. చాలా బాధపడ్డాను. ఆ పలక ఇప్పటికీ స్టూడియో గోడకి వేలాడుతోంది, కొత్తగా వచ్చినవాళ్లకి అక్షరాలు మొదలుపెట్టే ముందు అదే చూపిస్తాం.

తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి ఇందులో కొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలి. తలకట్టు ఎటు వంగిందో, ఒత్తు ఏ పక్క పడిందో తిరగేసి ఊహించుకోవడం అలవాటు లేకపోతే కష్టం. సులువైన దారి ఏంటంటే, ట్రేసింగ్ కాగితం మీద మామూలుగా రాసి, దాన్ని బోర్లా తిప్పి పలక మీద దించుకోవడం. మన ప్రాంతానికి ఈ విద్య కొత్తదేం కాదు, 1922లోనే నల్గొండ నుంచి షబ్నవీసు వెంకట రామ నరసింహారావు 'నీలగిరి' పత్రిక తెచ్చారు. ఆ రోజుల్లో సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చే కంపోజిటర్లు తిరగబడ్డ తెలుగుని గడగడా చదివేవాళ్లు. మన పట్టణాల్లో కాలితో తొక్కే పాత ట్రెడిల్ ప్రింటింగ్ మిషన్ నడిపిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే ఒకసారి కూర్చుని మాట్లాడండి, చాలా తెలుస్తుంది.

ప్రెస్సు లేకుండా ఇంట్లో అచ్చు తీయొచ్చా?

ఉడ్‌కట్, లినోకట్ అయితే నిక్షేపంగా తీయొచ్చు. ఇంకు పట్టించిన పలక మీద పల్చటి కాగితం పరిచి, స్టీలు గరిటె వెనక భాగంతో గుండ్రంగా రుద్దాలి, మధ్యలోంచి అంచుల వైపుకి. అన్నం హస్తం ఇంకా బాగుంటుంది, పట్టు దొరుకుతుంది. ఎక్కడ రుద్దారో అక్కడ కాగితం వెనక నుంచి బొమ్మ నీడలా కనిపిస్తుంది, కనిపించనిచోట ఇంకోసారి రుద్దండి. ఒక మూల చేత్తో అదిమిపట్టి రెండో మూల లేపి చూసుకోవచ్చు, తక్కువైతే మళ్లీ పరవొచ్చు, కాగితం కదలనంత వరకు ఏమీ కాదు.

ఇంకు ఎంత వేయాలన్నది కంటితో కన్నా చెవితో తెలుస్తుంది. గాజు పలక మీద రోలర్ నడుపుతుంటే చప్ చప్ అని అంటుకుంటూ లేచినట్టు వినిపిస్తే ఇంకు ఎక్కువైనట్టు. సరిగ్గా ఉన్నప్పుడు జల్లెడలో రవ్వ ఆడినట్టు సన్నగా, ఆగకుండా ఒకే సద్దు వస్తుంది. రోలర్ మీద కూడా కమలాపండు తొక్కలా గుంతలు కనిపించకూడదు, మఖమల్ గుడ్డలా ఉండాలి. కొత్తవాళ్ల అచ్చులు పాడయ్యేది చాలావరకు ఇక్కడే. చెక్కడం బాగుంటుంది, ఇంకు దిబ్బలా పోసేస్తారు, సన్నగీతలన్నీ పూడుకుపోతాయి.

ఎచింగ్‌కి మాత్రం ప్రెస్సు కావాలి. చేతి బలం ఆ గాట్లలోకి కాగితాన్ని దించలేదు.

ప్రెస్సు మీద వేసే ఫెల్ట్ (మందపాటి ఉన్ని గుడ్డ) ఖరీదు కదా, గొంగడి వాడొచ్చా?

మేమూ వాడి చూశాం, పాలమూరులో గొంగళ్లకి కొదవా! ముతక నేత కాబట్టి ఆ నేత గీతలు కాగితం మీద దిగాయి. ఆ గీతలే కావాలనుకుంటే వాడండి. సాఫీగా రావాలంటే ఫెల్టే కొనాలి.

ఎచింగ్ అంటే యాసిడ్ అంటున్నారు. ప్రమాదం కాదా?

జాగ్రత్త లేకపోతే ప్రమాదమే, అందుకే ఇది పొడుగ్గా చెప్తాను.

ఎచింగ్‌లో లోహపు రేకు మీద మైనం, బిటుమెన్ (తారు లాంటిది), రోజిన్ (చెట్టు బంక లాంటిది) కలిపిన పూత వేస్తాం. ఆరాక సూదితో ఆ పూత మీద గీస్తే గీసినచోట లోహం బయటపడుతుంది. రేకుని ద్రావణంలో ముంచితే బయటపడ్డ లోహాన్నే అది తింటుంది, పూత ఉన్నచోటు జోలికి పోదు. ఎంత సేపు ఉంచితే గీత అంత లోతు, అంత నలుపు.

నేను నేర్చుకున్న ఒక చోట నైట్రిక్ యాసిడ్ వాడేవాళ్లు, ఆ గదికి ఉన్నది ఒక్క చిన్న కిటికీ. ముదురు గోధుమరంగు పొగ లేచేది, సాయంత్రానికి గొంతు మంట. అక్కడే ఒకరోజు ఎవరో పొరపాటున అల్యూమినియం ముక్కని రాగికి వాడే ఫెర్రిక్ క్లోరైడ్ తొట్టిలో వేశారు, నిమిషంలో ద్రావణం పొంగి వేడెక్కింది, ప్లాస్టిక్ తొట్టి మెత్తబడింది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ తొట్టి మీద ఏ లోహానికో రాసి ఉంటే అసలు అది జరిగేదే కాదు. మా దగ్గర ప్రతి తొట్టి మీదా పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఉంటుంది, ఏ రేకు వేయాలో, ఏది వేయకూడదో.

మేం నైట్రిక్ వాడం. రాగికి ఫెర్రిక్ క్లోరైడ్. జింకుకి, అల్యూమినియానికి మైలుతుత్తం, ఉప్పు కలిపిన నీళ్లు. అవును, రైతులు సున్నంతో కలిపి తోటలకి కొట్టే మైలుతుత్తమే, కాపర్ సల్ఫేట్. లీటరు నీళ్లకి సుమారు 75 గ్రాముల మైలుతుత్తం, అంతే బరువు ఉప్పు. రేకు దించగానే గీసిన గీతల మీద ఇటుకరంగు పొడి పేరుకోవడం కనిపిస్తుంది, అది ద్రావణంలోంచి విడిపోయిన రాగి. దాన్ని అలాగే వదిలేస్తే గీత సమంగా తెగదు, అందుకని కోడి ఈకతో మెల్లగా తుడుస్తూ ఉండాలి. ఈక అయితే పూత గీరుకుపోదు. నీలం రంగు తగ్గుతూ తగ్గుతూ తెల్లబడిందంటే ద్రావణం పని అయిపోయినట్టు.

పొగ రాదు కదా అని అలుసు చేయొద్దు. కళ్లద్దాలు, రబ్బరు గ్లోవ్స్, గాలి ఆడే చోటు, ఈ మూడూ తప్పనిసరి. అల్యూమినియం పెద్ద ముక్క వేస్తే ఇది కూడా వేడెక్కుతుంది, హైడ్రోజన్ బుడగలు వస్తాయి, దగ్గర్లో మంట ఉండకూడదు.

ఆ నీళ్లు ఎక్కడ పారబోస్తారు?

మోరీలో పోయం, చెరువు వైపు పోయే కాలువలో అసలే పోయం. మైలుతుత్తం చేపలకి విషం. వాడిన నీళ్లలో బట్టల సోడా కొంచెం కొంచెంగా కలిపితే నురగ వచ్చి, రాగి ఆకుపచ్చని మడ్డిగా అడుగుకి దిగుతుంది. తేరిన నీళ్లు వేరు చేసి, మడ్డిని ఎండబెట్టి డబ్బాలో దాచిపెడతాం, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇస్తాం. వర్క్‌షాప్‌కి వచ్చిన ప్రతి ఒక్కరూ ఒకసారైనా ఈ పని చేయాలని పెట్టుకున్నాం, ఎందుకంటే రేపు మీ ఊళ్లో మీరే సొంతంగా మొదలుపెట్టినప్పుడు చూసేవాళ్లు ఎవరూ ఉండరు.

నా ఎచింగ్ ఎప్పుడూ మసకగా వస్తుంది. తప్పెక్కడ?

తొంభై పాళ్లు తుడవడంలోనే. ఇంకుని రేకు మీద అట్ట ముక్కతో గాట్లలోకి దట్టంగా కూరుతాం. తర్వాత గంజి పెట్టిన పల్చటి నూలు గుడ్డని ఉండలా చుట్టి, గుండ్రంగా, తేలిగ్గా తుడుస్తాం. ఆ గుడ్డ మరీ మెత్తగా ఉంటే గాటులోకి దిగి ఇంకుని పీల్చేస్తుంది, గీత వెలిసిపోతుంది. మరీ బిరుసుగా ఉంటే గీతలు పడతాయి. ఆఖర్న అరచేతికి సుద్దపొడి కొంచెం అద్దుకుని, రేకు మీద చెయ్యి ఆనీ ఆననట్టు ఒక విసురు. పిండి జల్లెడ పక్కన పట్టుకుని తట్టినట్టు ఉంటుంది ఆ కదలిక. రేకు మెరుపు కనిపించాలి, గీతలు నల్లగా నిండుగా ఉండాలి. ఇది మాటల్లో చెప్తే రాదు, నా చెయ్యి మీద మీ చెయ్యి పెట్టి పట్టుకోమంటాను, మూడోసారికి వస్తుంది.

మిగిలిన పది పాళ్లు కాగితం. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) కాటన్ కాగితాన్ని అరగంట నుంచి గంట దాకా నానబెట్టి, రెండు బ్లాటింగ్ కాగితాల మధ్య ఒత్తి, పైన నీటి మెరుపు పోయాక వాడాలి. నీళ్లు మెరుస్తుంటే ఇంకు అంటదు. పొడిగా ఉంటే గాటులోకి దిగదు.

ఇంకా ఒకటి, రేకు అంచుల్ని ఆకురాయితో వాలుగా రాయడం మర్చిపోకండి. పదునంచు ఉంటే కాగితమే కాదు, ఖరీదైన ఫెల్ట్ కూడా తెగుతుంది.

ఎండాకాలంలో వర్క్‌షాప్ పెడతారా?

పెడతాం, పొద్దున్నే ఆరున్నరకి మొదలుపెట్టి పదకొండుకి ఆపేస్తాం. మే నెలలో మన ఎండకి నీళ్ల ఇంకు రోలర్ మీదే ఎండిపోతుంది, నూనె ఇంకు పలచబడి గీతల పక్కకి పాకుతుంది. దాన్ని గట్టిపరచడానికి మెగ్నీషియం కార్బొనేట్ పొడి చిటికెడు కలుపుతాం. తడిపిన కాగితాల్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంచకపోతే పావుగంటలో అప్పడాలు.

అవిసె నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి మూలకి పడేయొద్దు. ఆ నూనె ఆరేటప్పుడు తనకు తానే వేడెక్కుతుంది, ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే గుడ్డ అంటుకుంటుంది. పరిచి ఆరబెట్టాలి, లేదంటే నీళ్లున్న ఇనుప డబ్బాలో వేయాలి. రేకుల షెడ్డులో ఇది ఆషామాషీ విషయం కాదు.

వానాకాలం తిప్పలు వేరు. అచ్చులు ఆరవు, కాగితానికి బూజు పడుతుంది, అట్టలు రోజూ మార్చాలి.

ఇంకు కడగడానికి వాడే కిరోసిన్ వాసన పడదు, ఏం చేయాలి?

మేం వాడం. నూనె ఇంకుని పల్లీ నూనెతో తుడిచి, తర్వాత సబ్బు నీళ్లతో కడుగుతాం. చాలా బాగా పోతుంది. వాడేసిన పాత నూనె అయినా సరే.

సైనోటైప్ నేర్పుతారా? మా ఇంట్లో చేస్తే నీలం వెలిసిపోయింది.

నేర్పుతాం, పిల్లలకి దీని మీద మోజు ఎక్కువ. ఎండతో కాగితం మీద నీలం బొమ్మ తీసే ఈ పద్ధతిని 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్లలో, పొటాషియం ఫెర్రిసైనైడ్ 10 గ్రాములు వేరే 100 మిల్లీలీటర్లలో కలిపి, వాడే ముందు రెండూ సమానంగా కలిపి కాగితానికి పూయాలి. చీకట్లో ఆరాక పైన ఆకో గడ్డో పెట్టి, గాజు పలకతో అదిమి ఎండలో పెట్టడమే. మన ఎండకి కొద్ది నిమిషాలు చాలు. పూత నీలం దాటి బూడిదరంగుకి తిరిగాక తీసి కడగాలి.

వెలిసిపోవడానికి కారణం చాలావరకు మీ బోరు నీళ్లే. ఈ నీలానికి క్షారం పడదు, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు చాలా బోరు నీళ్లు చవుడు. సబ్బుతో కడిగినా ఇదే తంతు. ద్రావణం కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడండి, బ్యాటరీ షాపులో దొరుకుతుంది. కడిగే మొదటి నీళ్లలో కొన్ని చుక్కలు నిమ్మరసం వేయండి. అంతేగానీ ఫెర్రిసైనైడ్ సీసా దగ్గరికి గాఢ యాసిడ్ ఏదీ తీసుకురావొద్దు, విషవాయువు పుడుతుంది.

మహబూబ్‌నగర్ దగ్గరున్న పాత మర్రిచెట్టు పిల్లలమర్రి ఆకులతో చేద్దామని చాలామంది అంటారు. రాలినవి ఉంటే సరే, కొమ్మ తెంపొద్దు, ఆ చెట్టు ఇప్పటికే చాలా ఓర్చుకుంది.

ప్రయోగాలు అంటే ఏమేం చేయిస్తారు?

నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. కొల్లాగ్రాఫ్‌లో అట్ట మీద ఫెవికాల్‌తో ఇసుక, గోనెపట్టా, మోదుగ ఆకు, తాడు అంటించి, పైన వార్నిష్ రెండు పూతలు వేస్తే అదే ప్లేటు. ఇసుక ఉన్నచోట ఇంకు నిలబడి నల్లగా వస్తుంది, నున్నగా వార్నిష్ ఉన్నచోట తెల్లగా. జ్యూస్ డబ్బా విప్పి లోపలి వెండిరంగు వైపు సూదితో గీస్తే డ్రైపాయింట్ అవుతుంది, పైసా ఖర్చు లేదు. అట్ట కాబట్టి కొద్ది అచ్చులకే నలిగిపోతుంది.

ఇంకోటి కరక్కాయ నలుపు. కలంకారీవాళ్ల పద్ధతిని కాగితం మీదికి తెచ్చాం. కరక్కాయ నానబెట్టిన నీళ్లు కాగితానికి పూసి ఆరబెట్టాలి. తుప్పు మేకులు, బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు పులియబెట్టి వడకట్టి, తుమ్మబంకతో చిక్కబరిచి చెక్క అచ్చుతో కొట్టాలి. కొట్టినప్పుడు టీ మరకలా ఉంటుంది, చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలోని ఒగరుకీ ఇనుముకీ జరిగే పని అది. ఈ నలుపు ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని తింటుందని మాత్రం ముందే చెప్తాం, కాబట్టి అమ్మే బొమ్మలకి వాడొద్దు.

నారాయణపేట చీర, పోచంపల్లి గుడ్డ డిజైన్లు అచ్చులోకి తేవొచ్చా?

పోచంపల్లి అచ్చు కాదు, నేసే ముందే పోగుల్ని కట్టి రంగులో ముంచే పని, దాన్ని ప్రింట్ అనడం ఆ నేతగాళ్లకి అన్యాయం. అయితే చిరిగిన పాత చీర ముక్క ఉంటే సాఫ్ట్ గ్రౌండ్‌కి చాలా బాగా పనికొస్తుంది. రేకు మీద జిడ్డుగా ఉండే మెత్తటి పూత వేసి, గుడ్డని పరిచి ప్రెస్సులో ఒకసారి తోస్తే ప్రతి పోగూ పూతలోకి దిగి, గుడ్డ తీసేటప్పుడు అంతమేర పూతని లేపుకొస్తుంది. ఎచింగ్ అయ్యాక చూస్తే అంచులోని గుడి గోపురాల బారు పోగుతో సహా లెక్కపెట్టొచ్చు. ఒక అమ్మాయి వాళ్ల నాయనమ్మ చీర అంచు తెచ్చుకుని చేసింది. చీర చినిగిపోయింది, రేకు మీద మాత్రం ఉంది.

నల్గొండ దగ్గరి పానగల్లు గుడి శిల్పాల మీద కాగితం పెట్టి రుద్ది తీసుకోవచ్చా?

వద్దు. పచ్చల సోమేశ్వరాలయమైనా, ఛాయా సోమేశ్వరాలయమైనా చూడండి, స్కెచ్ వేసుకోండి, ఫొటో తీసుకోండి, రాయి మీద కాగితం, రంగు, మైనం ఏదీ ఆనించొద్దు.

మాకు స్క్రీన్ ప్రింటింగ్ షాపు ఉంది. మాకు కొత్తగా ఏం వస్తుంది?

మీరు వస్తే మాకే సంతోషం, స్క్వీజీ (రంగుని తోసే రబ్బరు పట్టీ) పట్టుకునే తీరు మీ దగ్గర మేం నేర్చుకుంటాం. పెళ్లి పత్రికల పని తగ్గాక ఖాళీగా ఉన్న ఫ్రేములు మీ దగ్గర చాలా ఉంటాయి. ఫొటో ఎమల్షన్ (వెలుతురుకి గట్టిపడే పూత) లేకుండా స్క్రీన్ మీద నేరుగా బ్రష్‌తో గీసే పద్ధతి, ఒకదాని మీద ఒకటి పారదర్శక రంగులు వేసే పద్ధతి నేర్చుకోవచ్చు. డైక్రోమేట్ వాడే పాత ఎమల్షన్ ఇంకా వాడుతుంటే మానేయండి, అది క్యాన్సర్ తెచ్చే రసాయనం. డైక్రోమేట్ లేనివి దొరుకుతున్నాయి.

మనవాళ్లలో ఈ కళలో పేరున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు, ఈ సంగతి మన పిల్లలకి తెలియకపోవడం నాకు చాలా కష్టంగా ఉంటుంది. కృష్ణారెడ్డి 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు, శాంతినికేతన్‌లో చదివి పారిస్ వెళ్లి అక్కడ స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియే 17 అనే ప్రింట్ స్టూడియోలో పనిచేశారు. ఒకే రేకు మీద, ఒకే ఒత్తులో, చాలా రంగులు తీసే విస్కాసిటీ పద్ధతిని రూపుదిద్దినవాళ్లలో ఆయన ముఖ్యుడు. కిటుకు ఏంటంటే, నూనె ఎక్కువున్న పలచటి ఇంకు ముందు పడితే దాని మీద చిక్కటి ఇంకు అంటదు. గట్టి రోలర్ రేకు పైభాగాన్నే తాకుతుంది, మెత్తటి రోలర్ లోతుల్లోకి దిగుతుంది. ఈ రెండూ కలిపి ఆడుకోవడమే. 1972లో పద్మశ్రీ వచ్చింది, 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఇంకా దగ్గర కావాలంటే లక్ష్మా గౌడ్. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాద్‌లో, ఆపైన బరోడాలో చదివారు. ఆయన ఎచింగుల్లో మేకలు, చెట్లు, పల్లె ఆడవాళ్ల ముఖాలు చూస్తే మన ఊరు కనిపిస్తుంది. వాటి ఫొటోలు ఫోన్‌లో చూసి సరిపెట్టుకోకండి, హైదరాబాద్‌లో ప్రదర్శన ఉందని తెలిస్తే బస్సెక్కి వెళ్లి ముక్కు ఆనేంత దగ్గర నుంచి గీతలు చూడండి.

బొమ్మ కింద 3/15 అని ఎందుకు రాస్తారు?

మొత్తం 15 అచ్చులు తీశారు, ఇది మూడోది అని. పెన్సిల్‌తో ఎడమవైపు ఆ అంకె, మధ్యలో పేరు, కుడివైపు సంతకం. 15 అని రాశాక పదహారోది తీయకూడదు. కొనుక్కున్నవాళ్లకి ఇచ్చిన మాట అది.

గర్భిణులు, చిన్నపిల్లలు రావచ్చా?

గర్భంతో ఉన్న అక్కలు, చెల్లెళ్లు ఎచింగ్ బ్యాచ్‌కి దయచేసి ఆగండి, ఉడ్‌కట్‌కి రండి. పదేళ్ల లోపు పిల్లలకి ఉలి ఇవ్వం, కొల్లాగ్రాఫ్, ఆకు అచ్చులు, బెండకాయ అచ్చులు చేయిస్తాం.

ఏం తెచ్చుకోవాలి?

పాత బట్టలు, మూసి ఉండే చెప్పులు, అన్నం డబ్బా. జుట్టు ముడేసుకోండి, చున్నీ కొంగు బిగించుకోండి, ప్రెస్సు రోలర్లు తిరుగుతుంటాయి. కాగితం, ఇంకు, పనిముట్లు మావే.

దీన్నే చదువుకోవాలంటే? బతుకుదెరువు ఉంటుందా?

హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో ఫైన్ ఆర్ట్స్ ఉంది, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రింట్‌మేకింగ్‌లోనే ఎంఎఫ్‌ఏ (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) ఉంది. బరోడా, శాంతినికేతన్ ఎలాగూ పెద్ద పేర్లు. బతుకుదెరువు గురించి గొప్పలు చెప్పను. అచ్చులు అమ్మి మాత్రమే ఇల్లు నడపడం మన దగ్గర కష్టం. బడుల్లో ఆర్ట్ నేర్పడం, పుస్తకాలకి బొమ్మలు, గుడ్డల మీద అచ్చులు, ఇవి కలుపుకుంటే నడుస్తుంది. ఇంట్లోవాళ్లు అడిగితే వాళ్లకి కూడా ఈ మాటే చెప్పండి.

నా ప్లేటు పాడైపోయింది. కొత్తది కొనాలా?

ఆగండి, ముందు పట్టుకుని రండి. ఉడ్‌కట్‌లో ఎక్కువ తవ్వేస్తే కర్రపొట్టు, ఫెవికాల్ కలిపి పూడ్చి, ఆరాక మళ్లీ చెక్కొచ్చు. ఎచింగ్ గీత వద్దనుకుంటే స్క్రేపర్‌తో గీకి, బర్నిషర్ (నున్నగా రుద్దే ఉక్కు పనిముట్టు)కి ఒక చుక్క నూనె రాసి రుద్దితే ఆ గాటు మెల్లగా పూడుకుపోతుంది, పూర్తిగా పోదు, పల్చని నీడలా మిగులుతుంది. ఒకబ్బాయి అచ్చంపేట నుంచి వచ్చి కృష్ణా నది గట్టు గీశాడు, ద్రావణం రేకు మీది పూత కిందికి కారి ఆకాశం నిండా మచ్చలు పడ్డాయి, రేకు పారేస్తానన్నాడు. రెండు రోజులు గీకి రుద్దాడు. ఇప్పుడు ఆ అచ్చులో నది మీద పొద్దుటి మంచు ఉంటుంది, అవి ఆ మచ్చలే.